బడిలో నెలనెలా పురుగుమందు కొట్టించడం మానేస్తే బొద్దింకలు, ఎలుకలు పెరిగిపోవా?

తిండి, నీరు, దాక్కునే చోటు దొరకకుండా చేసి, అవసరమైన చోట మాత్రమే మందు వాడితే, నెలనెలా పిచికారీ మానేసినా అవి పెరగవు. పొలాల్లో సమగ్ర సస్యరక్షణ అని పిలిచే పద్ధతిని భవనాలకు అన్వయించడమే ఇది. పిచికారీ బయట తిరిగే పురుగులను చంపుతుంది గానీ, అవి రావడానికి కారణమైన తడిని, చెత్తను, సందులను అలాగే ఉంచుతుంది కాబట్టి కొన్నాళ్లకు వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. పైగా పిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. అందువల్ల గదిలో మిగిలిన మందు ప్రభావం వారిపైనే ఎక్కువగా ఉంటుంది.

వంటగదిలో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింకనే తీసుకోండి. దాని ఒక్క గుడ్ల తిత్తిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి, ఆ గట్టి తిత్తిలోకి పిచికారీ మందు సరిగా చేరదు. ముందుగా సింకు కింద, పొయ్యి వెనుక జిగురు అట్టలు పెడితే ఏ మూలలో ఎక్కువ పడుతున్నాయో తెలుస్తుంది. అక్కడ కారుతున్న పైపును బాగుచేసి, ఆ పైపు గోడలోకి వెళ్లేచోట ఉన్న రంధ్రాన్ని పూడ్చి, పగుళ్లలో జెల్ ఎరను చుక్కలుగా పెడితే చాలావరకు సరిపోతుంది. చిట్టెలుకలు లోపలికి దూరడానికైతే తలుపు కింద సుమారు 6 మిల్లీమీటర్ల సందు ఉన్నా చాలు.

ఈ పద్ధతి అంటే మందును పూర్తిగా నిషేధించడమేనన్నది చాలామందికి ఉన్న అపోహ. తరగతి గుమ్మం మీద కందిరీగలు గూడు కడితే మందు వాడక తప్పకపోవచ్చు. కాకపోతే పిల్లలు లేని వేళ చూసి, ఆ ఒక్క చోటే వాడి, ఏ మందు ఎంత వాడారో రాసిపెడతారు.