మగవేషం ఎప్పుడూ తనకేనా?

ప్రశ్న: మాది విద్యార్థినుల సంఖ్య బాగా తక్కువగా ఉన్న మహిళా కళాశాల. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాటక క్లబ్‌కు కార్యదర్శిని. నృత్య బృందంలోనూ, సంగీత క్లబ్‌లోనూ కూడా ఉన్నాను. వార్షికోత్సవ నాటకానికి పాత్రలను నేనే నిర్ణయించాను. మొదటి సంవత్సరం నుంచి నాతో ఉన్న స్నేహితురాలు ఈసారి నాయిక పాత్ర ఆశించింది. ఆమె పొడవుగా ఉంటుంది, గొంతు గంభీరంగా ఉంటుంది కనుక ఎప్పటిలాగే తండ్రి పాత్ర ఇచ్చి, నాయిక పాత్రను ఒక జూనియర్‌కు ఇచ్చాను. నోటీసు బోర్డులో జాబితా చూసినప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. రిహార్సల్‌కు వస్తుంది, డైలాగులు చెబుతుంది, వెళ్ళిపోతుంది. మరోవైపు ఇంటర్నల్ మార్కులు తగ్గాయని అమ్మ అన్నీ మానేయమంటోంది. అన్నింటికీ రాజీనామా చేసేస్తే ఈ బాధ తీరుతుందా?

జవాబు: తీరదు. నాటకం సగంలో ఉండగా మీరు తప్పుకుంటే అది మీ స్నేహితురాలికి పశ్చాత్తాపంలా కాక అలకలా కనిపిస్తుంది. పైగా మీరు వదిలేసిన పనంతా ఆమె మీదా, ఆ జూనియర్ మీదా పడుతుంది. మానుకోవలసినవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి తరువాత చెబుతాను. ముందు స్నేహం సంగతి చూద్దాం.

మీరు ఆమె ఎత్తు గురించి రాశారు, గొంతు గురించి రాశారు. ఆడిషన్‌లో నాయిక సన్నివేశాన్ని ఆమె ఎలా చదివిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. బహుశా ఆమెను ఆ సన్నివేశం చదవమని ఎవరూ అడిగి ఉండరు. మహిళా కళాశాలల నాటకాలలో మగవేషాలు కూడా అమ్మాయిలే వేయాలి కనుక, పొడవుగా ఉన్న అమ్మాయికి మొదటి ఏడాదే రాజో, తండ్రో, న్యాయమూర్తో అంటగట్టేస్తారు. ఆమె బాగా చేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, బాగా చేసింది కనుక మరుసటి ఏడాదీ అదే ఇస్తారు. చివరి సంవత్సరానికి వచ్చేసరికి, తానూ ఒక స్త్రీ పాత్ర వేయగలనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మొదట సరదాగా ఒప్పుకున్న వేషమే ఇలా ముద్రగా మారితే, దాని వెనుక తన రూపం మీద వచ్చిన తీర్పు కూడా వినిపిస్తుంది. ఈ వయసులో ఆ తీర్పు స్నేహితురాలి నుంచి రావడం చిన్న దెబ్బ కాదు.

మగవేషం తక్కువదని నా ఉద్దేశం కాదు. 1899లో పారిస్‌లో ప్రఖ్యాత ఫ్రెంచ్ నటి సారా బెర్న్‌హార్ట్ షేక్‌స్పియర్ నాటకంలోని రాజకుమారుడు హామ్లెట్‌గా నటించినప్పుడు ఆమెకు యాభై దాటాయి. జపాన్‌లోని తకరాజుకా బృందం 1914 నుంచి స్త్రీలతోనే ప్రదర్శనలు ఇస్తోంది. అక్కడ అభిమానులు ఎక్కువగా నీరాజనాలు పట్టేది పురుష పాత్రధారిణులకే. అయితే అక్కడ ఎవరు పురుష పాత్రలకు, ఎవరు స్త్రీ పాత్రలకు వెళ్ళాలో తేల్చేటప్పుడు ఎత్తూ గొంతూ చూసినా, అమ్మాయి ఇష్టానికి కూడా చోటు ఉంటుంది. మీ కళాశాలలో ఎత్తును చూశారు, ఇష్టాన్ని చూడలేదు. ఇంకొక చిన్న విషయం. మగవాడిలా వినిపించాలని గొంతును బలవంతంగా అదిమి మాట్లాడే అమ్మాయిలకు రిహార్సల్ రోజుల్లో గొంతు బొంగురుపోతుంది. నిజానికి ఆ పనిని నడకతో, నిలబడే తీరుతో, మాటకూ మాటకూ మధ్య ఇచ్చే విరామంతో చేయించడం మేలు. ఇన్ని వేషాలు వేసిన మీ స్నేహితురాలిని గొంతు నొప్పిగా ఉందా అని ఎవరైనా అడిగారా?

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. ఆ జూనియర్ నుంచి పాత్ర వెనక్కి తీసుకోకండి. ఒకరికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి ఏ పాపం ఎరుగని మరొకరిని బలిపెట్టడం తగదు, అలా దక్కిన పాత్రను మీ స్నేహితురాలు కూడా సంతోషంగా వేయలేకపోతుంది. ఫోన్‌లో సందేశం పెట్టకుండా, రిహార్సల్‌కు ముందు నలుగురిలో కాకుండా, ఆమెకు వీలైన సమయం అడిగి విడిగా కలవండి. "నీకు ఏ పాత్ర కావాలో అడగకుండానే నిర్ణయించాను. ఆ సంగతి నీకు ముఖాముఖి చెప్పకుండా బోర్డు మీద పెట్టాను. రెండూ తప్పే" అని చెప్పి ఊరుకోండి. ఎత్తు, గొంతు, నాటకం అవసరం అంటూ వివరణలు మొదలుపెడితే, క్షమాపణగా మొదలైన మాట వాదనగా ముగుస్తుంది. "చిన్న పాత్ర, పెద్ద పాత్ర అంటూ ఏమీ ఉండదు" అన్న మాట అసలే అనకండి. ఆ మాట సాధారణంగా పెద్ద పాత్ర దక్కినవాళ్ళే అంటారు. వచ్చే ఏడాది ఇస్తానని కూడా అనలేరు, ఎందుకంటే మీ ఇద్దరికీ ఇదే చివరి ఏడాది.

నాటకం రెండు ప్రదర్శనలు ఉంటే మాత్రం, ఒక ప్రదర్శనలో ఆమె నాయికగా వేసే వీలుందేమో క్లబ్ బాధ్యులైన అధ్యాపకురాలితో కలిసి ఆలోచించవచ్చు. దానికి ముందుగా ఒప్పుకోవలసినది ఆ జూనియర్. తరువాత, ఆ రోజు తండ్రి పాత్ర ఎవరు వేస్తారో తేలాలి. ఒకే ప్రదర్శన అయితే ఆ ఆశ పెట్టకండి. మీరు మాట్లాడిన తరువాత కూడా ఆమె కొంతకాలం ముభావంగానే ఉండవచ్చు. రోజూ వెంటపడి "ఇంకా కోపమేనా" అని అడగడం వల్ల, మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. ఆమె రిహార్సల్‌కు వస్తూనే ఉంది. కోపంలోనూ నాటకాన్ని వదలని మనిషి స్నేహాన్ని కూడా పూర్తిగా వదులుకొని ఉండదని నా అంచనా.

ఇక పని భారం గురించి. జాబితా బోర్డు మీద పెట్టే ముందు స్నేహితురాలితో అయిదు నిమిషాలు మాట్లాడే తీరిక మీకు ఎందుకు లేకపోయిందో ఆలోచించండి. ఆ సాయంత్రం నృత్య బృందం సాధనో, సంగీత క్లబ్ సమావేశమో ఉండి ఉంటుంది. పెద్ద కళాశాలల్లో క్లబ్‌లో చోటు దొరకడమే కష్టం. చిన్న కళాశాలలో అందులోంచి బయటపడటం కష్టం. ఏ క్లబ్ చూసినా అవే ముఖాలు, ఒకరు తప్పుకుంటే బృందం పూర్తి కాదు, అందుకని ఎవరూ కాదనలేరు. మీరు లేకపోతే ఆగిపోతుందన్న మాట వినడానికి బాగుంటుంది కానీ, అందరికీ అవసరం కావడం వేరు, మీకు ఇష్టం కావడం వేరు. మీ ఉత్తరంలో నాటకం గురించి ఇంత రాసి, నృత్యాన్నీ సంగీతాన్నీ ఒక్క వాక్యంలో దాటేశారు. అందువల్ల నాటకాన్ని ఉంచుకొని ఆ రెండింటి నుంచి తప్పుకోమని సలహా ఇస్తాను. ఒప్పుకున్న ప్రదర్శన ఏదైనా ఉంటే దాన్ని పూర్తిచేసి, ఎప్పటి నుంచి రారో ముందే తేదీతో చెప్పండి.

నాటకంలో కూడా పాత్రల ఎంపిక, దర్శకత్వం, ప్రాంప్టింగ్ (తెర చాటు నుంచి డైలాగులు అందించడం), దుస్తులు, లైట్లవారితో మాట్లాడటం అన్నీ ఒకరే చేయనక్కరలేదు. ఎవరు ఎటు నుంచి ప్రవేశించాలి, ఏ మాట దగ్గర దీపం తగ్గాలి, ఏ వస్తువు ఏ బల్ల మీద ఉండాలి అన్నవన్నీ ఒక స్క్రిప్ట్ ప్రతి అంచుల్లో పెన్సిల్‌తో రాయించి, ఆ ప్రతిని ఒక జూనియర్ చేతికి ఇచ్చి ప్రాంప్టింగ్‌కు కూర్చోబెట్టండి. చివరి సంవత్సరం వారు వెళ్ళిపోగానే చిన్న క్లబ్‌లు మూతపడేది చాలాసార్లు ప్రతిభ లేక కాదు, అంతా ఒకరి తలలోనే ఉండిపోవడం వల్ల. పాత్రల ఎంపికను ఇకపై ముగ్గురు కలిసి చేయాలనీ, ఎవరికి ఏ పాత్ర ఇష్టమో ఆడిషన్‌కు ముందే రాయించుకోవాలనీ, ఆశించిన పాత్ర దక్కనివారికి జాబితా కంటే ముందు నోటితో చెప్పాలనీ క్లబ్‌లో నిర్ణయం చేయించి వెళ్ళండి.

మీ అమ్మగారి మాటను కళల మీద ద్వేషంగా తీసుకోకండి. ఆమెకు కనిపిస్తున్నవి మార్కులు మాత్రమే. హాలీవుడ్ నటి క్యాథరిన్ హెప్‌బర్న్ చదివిన అమెరికాలోని బ్రిన్ మార్ కూడా చిన్న మహిళా కళాశాలే. అక్కడ నాటకాలలో వేషం కావాలంటే మార్కులు బాగుండాలన్న షరతు ఉండేది. ఆమె మార్కులు మెరుగుపరచుకున్నాకే క్రమంగా వేషాలు వేయగలిగారు, 1928లో పట్టా కూడా పుచ్చుకున్నారు. అలాంటి షరతు ఏదో మీ అంతట మీరే పెట్టుకుని అమ్మగారి దగ్గరకు వెళ్ళండి. వదిలేస్తున్న రెండు క్లబ్‌ల పేర్లు, ఏ సబ్జెక్టులో ఎంత తగ్గిందో, రిహార్సల్ ఏ రోజుల్లో ఎన్ని గంటలకు ముగుస్తుందో, పరీక్షల ముందు వారంలో రిహార్సల్ ఉండదన్న సంగతీ ఒక కాగితం మీద రాసి చూపించండి. తరువాతి ఇంటర్నల్ పరీక్షలో కూడా మార్కులు పెరగకపోతే కార్యదర్శి పదవిని మరొకరికి అప్పగించి నాటకంలో కేవలం సహాయకురాలిగా ఉంటానని కూడా అందులో చేర్చండి; అయితే మాట నిలబెట్టుకోగలిగితేనే రాయండి.