ఎత్తుకోగానే పాప ఉలిక్కిపడుతోంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా ఆవిడ పురుటికి పుట్టింటికి వెళ్లింది. పాప పుట్టి 25 రోజులయింది. ప్రతి ఆదివారం వెళ్లి చూసి వస్తున్నాను. నేను ఎత్తుకున్న ప్రతిసారీ పాప రెండు చేతులూ ఒక్కసారిగా బారచాపి, వేళ్లన్నీ విప్పి, ఉలిక్కిపడి ఏడుస్తోంది. మా అత్తగారు ఎత్తుకుంటే మాత్రం కిక్కురుమనదు. "మీ చేతులు దానికింకా అలవాటు కాలేదు బాబూ, మెడ నిలిచాక ఎత్తుకుందురుగాని" అంటున్నారు. ఊరికే ఎత్తుకుంటే చేతులు మరుగుతుందని కూడా ఆవిడ భయం. అప్పటిదాకా నేను దూరంగా ఉండడమే మంచిదా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: దూరంగా ఉండవలసిన అవసరం ఏమాత్రం లేదు. పాప మిమ్మల్ని చూసి భయపడుతోందని దయచేసి అనుకోకండి. తలకు ఆసరా తప్పి అది కొద్దిగా వెనక్కి వాలినా, పసిబిడ్డ శరీరం తనంతట తాను అలా చేతులు చాపి, మళ్లీ దగ్గరకు ముడుచుకుంటుంది. దీన్ని వైద్యులు మోరో రిఫ్లెక్స్ అంటారు. ఆరోగ్యంగా పుట్టిన పిల్లలందరిలోనూ ఇది కనిపిస్తుంది, ఆరు నెలలు నిండేసరికి సాధారణంగా పోతుంది. అంటే మీరు ఎత్తుకునేటప్పుడు పాప తల ఎక్కడో ఒక క్షణం జారుతోందన్న మాట. వచ్చే ఆదివారం మీ అత్తగారు పాపను ఎత్తుకుంటున్నప్పుడు ఆవిడ చేతులను గమనించండి. పిల్లలను పెంచిన చేయి ముందుగా తల కిందికే వెళ్తుంది.

పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. అంత బరువును నిలబెట్టే శక్తి మెడ కండరాలకు మూడు నాలుగు నెలలకు గాని రాదు. అందువల్ల ముందు చేతులు కడుక్కుని, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టి, పాపను పేరుపెట్టి పిలిచి, ఒక అరచేతిని వేళ్లు విప్పి మెడకూ తల వెనక భాగానికీ కలిపి ఆనించండి, రెండో చేతిని పిరుదుల కిందికి పోనివ్వండి. ఆ తర్వాత పాపను పైకి లాగకుండా మీరే నడుము వంచి మీ ఛాతీని పాప దగ్గరికి తీసుకువెళ్లి, ఒంటికి ఆనించుకున్నాకే నిటారుగా లేవండి. తల మీ మోచేతి మడతలో, వీపు ముంజేతి మీద, పిరుదులు అరచేతిలో ఇమిడితే మీకూ భుజం నొప్పి రాదు, పాపకూ సుఖంగా ఉంటుంది. చాలామంది పొరపాటు చేసేది పడుకోబెట్టేటప్పుడు: బిడ్డ పక్కకు తగలగానే చేయి లాగేస్తారు, వెంటనే బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల పక్క మీద ఆనాలి. తల కింద చేతిని కొన్ని క్షణాలు అలాగే ఉంచి, మెల్లగా తీయాలి.

మాడు కొట్టుకోవడం చూసి కొత్త తండ్రులు తలను ముట్టుకోవడానికే జంకుతారు. అక్కడ ఎముకలు ఇంకా కలవలేదు గాని చర్మం కింద గట్టి పొర ఉంటుంది. మెత్తగా ఆనించిన అరచేతివల్ల ఏ హానీ జరగదు.

పాలు తాగాక భుజం మీద వేసుకుంటే, ముఖం ఒక పక్కకు తిరిగి, ముక్కు మీ చొక్కాలో పూడుకుపోకుండా చూడండి. నూనె రాసిన ఒళ్లు జారుతుంది కాబట్టి అప్పుడు తువాలు చుట్టే ఎత్తుకోవాలి. వేడి టీ చేతిలో ఉన్నప్పుడు, సోఫాలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నప్పుడు బిడ్డ మీ చేతుల్లో ఉండకూడదు. ఒక్క విషయం మాత్రం మరీ మరీ చెబుతున్నాను: ఏడుపు ఆపడానికి గాని, ఆడించడానికి గాని పసిబిడ్డను ఊపి కుదపకండి, గాలిలోకి ఎగరేయకండి. కుదుపుకు మెదడులోనూ కంటి వెనకా రక్తస్రావం జరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఏడుపుతో మీకు విసుగు పుడితే బిడ్డను వెల్లకిలా పక్క మీద పడుకోబెట్టి, మరొకరిని పిలిచి, ఐదు నిమిషాలు బయటికి వెళ్లి రండి.

ఇక చేతులు మరగడం సంగతి. మొదటి నెలల్లో బిడ్డ ఏడవడం ఆకలికి, తడికి, మనిషి వెచ్చదనానికే. గారాబానికి పాడయ్యే వయసు అది కాదు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో జరిగి 1986లో ప్రచురితమైన అధ్యయనంలో, రోజూ ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో మిగతా పిల్లలకంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. కొలంబియాలోని బొగోటాలో 1978లో మొదలైన కంగారూ సంరక్షణ పద్ధతిలో, బరువు తక్కువగా పుట్టిన పిల్లలను ఒంటికి ఒళ్లు తగిలేలా పెద్దల ఛాతీ మీదే ఉంచుతారు. ఆ పని తండ్రులూ చేయవచ్చు. మీ పాప బరువు మామూలుగానే ఉన్నా, చొక్కా విప్పి వెనక్కి వాలి కూర్చుని ఒక గంట గుండెల మీద ఉంచుకోండి, పైన పలచని దుప్పటి కప్పండి. మీరు మెలకువగా ఉండడం, పాప ముఖం మీకు కనిపిస్తూ ఉండడం ముఖ్యం. మీ చేతులు అలవాటు కావడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

ప్రశ్న: మా బాబుకు మూడో నెల. ఎత్తుకున్నప్పుడల్లా నా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర పోటు వస్తోంది. బాలింత వాతమని ఇంట్లో అంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ?
- ఒక తల్లి, వరంగల్

జవాబు: మీరు చెప్పిన చోటును బట్టి అది బొటనవేలిని కదిలించే నరాల వాపు కావచ్చునమ్మా, మన ఇళ్లలో నరాలని పిలిచే ఇవి నిజానికి కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లవంటివి. బొటనవేళ్లు బాగా ఎడంగా చాపి, బిడ్డను చంకల కింద పట్టి రోజుకు ఎన్నోసార్లు లేపడంవల్ల బాలింతల్లో ఇది తరచుగా వస్తుంది. బొటనవేలిని మిగతా వేళ్లకు ఆనించి ఉంచి, రెండు అరచేతులనూ బిడ్డ కింద దోసిలిలా పోనిచ్చి, బరువును ముంజేతుల మీదికి తీసుకోండి. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టుకుంటే మణికట్టు వంచవలసిన పని ఉండదు. రెండు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించండి. మణికట్టుకు పట్టీ వేస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది.