అభయారణ్యం కాని తీరంలో తాబేళ్లకు ఫ్లాష్ కొడితే కేసవుతుందా?

ప్రశ్న: మాది బరంపురం. మార్చిలో ఒక రాత్రి రుషికుల్య తీరానికి వెళ్లి, గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేళ్లను ఫ్లాష్‌తో ఫొటోలు తీశాను. అటవీ సిబ్బంది కెమెరా తీసుకుని, ఒడియాలో రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అది అభయారణ్యం కాదు కదా, కేసెలా అవుతుంది? కొంత డబ్బిస్తే సర్దేస్తానని తెలిసినాయన ఒకరు అంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఒడిశాలోనే తాబేళ్లు గుడ్లు పెట్టే మరో తీరం గహిర్మఠలా రుషికుల్య అభయారణ్యం కాదన్న మాట నిజమే. కాబట్టి అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లారంటూ వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ కింద కేసు పెట్టలేరు. కానీ ఆ ధీమా అక్కడితో ఆపండి. మీరు ఫొటో తీసిన ఆలివ్ రిడ్లే తాబేలు 1972 నాటి ఆ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. అది ఏ ఒడ్డుకొచ్చినా ఆ రక్షణ దాని వెంటే వస్తుంది. పైగా ఈ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. సరీసృపాల గుడ్లు పాడుచేసినా, వాటి గూళ్లను చెదరగొట్టినా వేటే. మొదటి షెడ్యూల్ జీవిని వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, జరిమానా అదనం.

ఆ నిర్వచనంలో ఫ్లాష్ మాటే లేదు. దూరంగా నిలబడి వేసిన వెలుగును వేటగా నిరూపించడం కష్టమనే నా అభిప్రాయం. అసలు చిక్కు మీ కాళ్లు ఎక్కడున్నాయన్నది. తాబేళ్లు వేలల్లో వచ్చే రాత్రి ఆ ఇసుకలో గూడు లేనిచోట అడుగు వేయడమే గగనం. మీరెంత దగ్గరికెళ్లారో మీ ఫొటోలే చెప్పేస్తాయి. (వెలుగు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి వెనుదిరుగుతుందని చెప్పడానికి లాయరెందుకు, ఆ తీరంలోని పొడంపేట ఊరి జాలర్లు చాలు.)

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ సంతకం. అది కెమెరా జప్తు చేసినట్టు రాసిన పత్రమైతే పర్వాలేదు. మీ వాంగ్మూలమైతే సంగతి వేరు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు గానీ, అధికారం ఉన్న అసిస్టెంట్ కన్జర్వేటర్ లేదా పై స్థాయి అటవీ అధికారి మీ సమక్షంలో నమోదు చేసింది విచారణలో సాక్ష్యంగా పనికొస్తుంది. ముందు ఆ కాగితం నకలు కోసం అర్జీ పెట్టి, ఒడియా బాగా వచ్చినవారితో చదివించుకోండి.

జప్తు చేసిన వస్తువును మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 497వ సెక్షన్ కింద కెమెరా తాత్కాలికంగా ఇప్పించమని అడగవచ్చు. వన్యప్రాణి చట్టం కింద పట్టుకున్న వాహనాన్ని విచారణలోగా విడుదల చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరాకూ అదే వాదన పెట్టవచ్చు. మెమరీ కార్డు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇక డబ్బు సంగతి. వన్యప్రాణి చట్టంలో రాజీ రుసుం (కేసు కోర్టుకు వెళ్లకుండా కట్టే సొమ్ము) ఉంది గానీ, దాన్ని తీసుకునే అధికారం ఉన్నది డిప్యూటీ కన్జర్వేటర్‌కు తగ్గని అధికారికే, అదీ రసీదుతో. కనీస జైలుశిక్ష ఉన్న నేరానికి అసలు రాజీయే లేదు. మీ తెలిసినాయన చేతిలో పెట్టేది లంచం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవారూ శిక్షార్హులే.

ఆ ఫొటోలు మీ ఫోన్లో కూడా ఉంటే డిలీట్ చేయకండి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి.