మెకాంగ్ నది వైపు వెళ్తున్న తమ్ముడి కొడుక్కి

భీమవరం

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ కోడలూ థాయిలాండ్ చూసుకుని, అక్కడి నుంచి వియత్నాం వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. రొయ్యల చెరువులు, రొయ్య పిల్లల హేచరీల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. తిండి సంగతి మాత్రం చెప్పాలి. మేత వ్యాపారం పనిమీద ఆ దేశాలు తిరిగిన రోజుల్లో మనవాళ్ళు రెండు రకాలుగా మంచమెక్కడం చూశాను. కొందరు అక్కడి తిండంటే భయపడి, ఇంటి నుంచి కట్టుకెళ్ళిన కూర మర్నాటి దాకా తిన్నారు. ఇంకొందరు “కాలువ నీళ్ళు తాగి పెరిగిన కడుపులు మావి” అని ఏది పడితే అది తాగేశారు.

కాలువ నీళ్ళ ధీమా నీకూ ఉంది, నాకు తెలుసు. మన ఊరి నీళ్ళలోని క్రిములు మన ఒంటికి కొంత అలవాటవుతాయి, నిజమే. అక్కడివి వేరు. వాళ్ళకి అలవాటైనవి నీకు కొత్త. అలాగని బిస్కెట్లు తిని తిరిగి రమ్మనడం లేదు. అక్కడి తిండి తినాలి, కడుపునిండా తినాలి. చూడాల్సింది బండా, స్టార్ హోటలా అన్నది కాదు. వేడి చూడాలి, వండి ఎంతసేపైందో చూడాలి.

బండి దగ్గర మంట మీద మూకుడు పెట్టి, నీ కళ్ళ ముందు వేయించి ఇచ్చింది పొగలు కక్కుతుంటే ధైర్యంగా తిను. హోటల్లో ఉదయం నుంచి మూతల కింద గోరువెచ్చగా పడి ఉన్న బఫే కంటే అదే నయం. వండిన పదార్థం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక గంటే. అంత ఎండ అక్కడ చాలా నెలలు ఉంటుంది. స్థానికులు వరసలో నిలబడే బండి చూసుకో. సరుకు అమ్ముడైపోతుంటే నిలవ ఉండదు. వియత్నాంలో పొద్దున్నే ఫో అని పలచటి పట్టీల్లాంటి బియ్యపు నూడుల్స్ మీద మరిగే రసం పోసిస్తారు. కడుపుకి హాయిగా ఉంటుంది. కోడిది కావాలంటే ‘ఫో గా’ అని అడుగు, ‘ఫో బొ’ అంటే గొడ్డు మాంసం. పక్కన పెట్టే పచ్చి ఆకుల పళ్ళెం మొదటి రోజుల్లో అలా ఉంచేయ్. కడిగిన నీళ్ళు ఏవో మనకి తెలీదు. మరీ తినాలనిపిస్తే మరిగే రసంలో ముంచి తిను.

అన్నం విషయంలో మనవాళ్ళకి అనుమానమే రాదు. బియ్యంలో ఉండే ఒక బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం వేడి తగ్గి గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకని సాయంత్రం ఫ్రైడ్ రైస్ చెప్పేముందు ఆ అన్నం ఎప్పటిదో అడుగు.

ఇక నీ వృత్తికి సంబంధించిన మాట. థాయిలాండ్‌లో ‘గుంగ్ చే నంప్లా’ అని పచ్చి రొయ్యల్ని చేపల సాస్, నిమ్మరసం, వెల్లుల్లి, మిరపకాయలతో వడ్డిస్తారు. చూస్తే నోరూరుతుంది. నువ్వు చెరువులో విబ్రియో అనే బాక్టీరియా కౌంట్ పెరిగితే నిద్రపోవు కదా! ఆ విబ్రియో పారాహీమోలిటికస్ జాతిలోనే మనిషికి విరేచనాలు పట్టించే రకాలున్నాయి. నిమ్మరసం వాటికి మందు కాదు. పచ్చి ఆల్చిప్పలూ అంతే. అవి నీళ్ళని వడకట్టి బతుకుతాయి కాబట్టి ఆ నీళ్ళలోని క్రిములన్నీ వాటి ఒంట్లో పోగుపడతాయి. ఈశాన్య థాయిలాండ్, లావోస్‌లో పచ్చి మంచినీటి చేపతో చేసే ‘కొయ్ ప్లా’ని మాత్రం ఎవరెంత బలవంతపెట్టినా ముట్టుకోకు. దానివల్ల కాలేయంలో చేరే పురుగు ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పిత్తనాళాల క్యాన్సర్‌కి దారితీయొచ్చు. ఆ ప్రాంతంలో ఈ క్యాన్సర్ బాగా ఎక్కువ. రొయ్య, చేప, పీత ఏదైనా సరే, బాగా ఉడికిందే తినండి.

కోడలికి రొయ్య పడదని మర్చిపోకు. ప్లేటులో రొయ్య కనిపించకపోయినా థాయి కూరలకి వాడే మసాలా ముద్దల్లో చాలావాటిలో రొయ్యల ముద్ద కలుపుతారు. “నాకు రొయ్య, రొయ్యల ముద్ద పడవు” అని థాయిలోనూ వియత్నామీస్‌లోనూ రాయించిన కార్డు తన పర్సులో ఉండాలి. డాక్టరు రాసిన మందులూ ఆ పర్సులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

నీళ్ళు సీలు తియ్యని సీసావే, పళ్ళు తోముకోవడానికి కూడా. కాచుకునే వీలుంటే తెర్లిన తర్వాత ఒక నిమిషం ఉంచితే చాలు. ఐసు దిమ్మల్ని నేల మీద ఈడ్చి, గోనె కప్పి, రొయ్యల ట్రేల్లోకి కొట్టడం రోజూ చూస్తావు కదా. అలా దిమ్మ కొట్టి వేసిన ఐసు గ్లాసులో కనిపిస్తే వద్దని చెప్పు. నడిమధ్య రంధ్రం ఉన్న గొట్టాల ఐసు ఫ్యాక్టరీలో చేసి సంచుల్లో వస్తుంది, అది కొంత నయం. వియత్నాంలోని బెంట్రే వైపు వెళ్తే అచ్చం మన కోనసీమే, ఎటు చూసినా కొబ్బరే. బొండం నీ ఎదురుగా కొట్టించుకో. పండ్లు నువ్వు ఒలుచుకునేవి తిను. అక్కడి పంపర పనస బ్రహ్మాండంగా ఉంటుంది. ఊరూపేరూ లేని సారా మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషం కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ యాత్రికులు చనిపోయారు.

ఇన్ని చూసుకున్నా విరేచనాలు పట్టుకోవచ్చు. టెన్షన్ పడకు. మనిషిని పడగొట్టేది ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం. ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడే కొను, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నవే. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాయడంపై హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదంది. పొట్లం లేనప్పుడు లీటరు మంచినీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపు. వాంతి అవుతుంటే గుక్కగుక్కగా తాగు.

విరేచనాలు ఆపే లోపరమైడ్ బస్సు ప్రయాణం లాంటి అవసరానికి సరే. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే వేసుకోకూడదు. ఇక్కడ షాపులో అడగ్గానే ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కి ఆ ప్రాంతంలో లొంగని క్రిములు ఎక్కువ. అందుకని ఏ మాత్ర, ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుని అడిగి రాయించుకో. రక్తం, ఎక్కువ జ్వరం, నీళ్ళు కూడా నిలవకపోవడం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్ళండి. ప్రయాణ బీమా ఉంటే ఖర్చు చూసి వెనకాడరు. అదీ చేయించు.

టైఫాయిడ్ టీకా బయల్దేరే ముందు కనీసం రెండు వారాలు ఉండగా పడాలి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎకి టీకా గురించి కూడా అడుగు. ఈ వారమే వెళ్ళండి. తిరిగొచ్చాక నెలన్నర లోపల జ్వరమో, కళ్ళు పచ్చబడడమో కనిపిస్తే, ఏయే దేశాలు తిరిగారో డాక్టరుకి ముందే చెప్పండి. కోడలి కార్డులో రాయాల్సిన మాటలు నాకు పంపితే వియత్నాంలో నాతో పనిచేసినవాళ్ళని అడిగి రాయించి పెడతాను. ఈలోగా థాయి కార్డు సంగతి నువ్వు చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న