ప్రైవేటు క్లినిక్‌కి డబ్బు కట్టే ముందు మీ జీపీని (ఫ్యామిలీ డాక్టర్ని) ఈ మాట అడగండి

మీ ఎనిమిదేళ్ల బాబుకి ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య), ఆటిజం రెండూ చూపించమని స్కూలువాళ్లు అన్నారు, లోకల్ వెయిటింగ్ లిస్టు చూస్తే కళ్లు తిరిగాయి, మీవారి ఆఫీసులో ఎవరో ప్రైవేటు క్లినిక్ పేరు చెప్పారు. అంతే కదా? కార్డు లోపల పెట్టేయండమ్మా. యూకే వీసాతోపాటు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) కోసం హెల్త్ సర్‌చార్జి కట్టే వచ్చారు కదా, ఇప్పటి రేట్ల ప్రకారం పెద్దలకి 1,035, పిల్లలకి 776, మీ ముగ్గురికీ కలిపి ఏడాదికి 2,846 పౌండ్లు. అది కట్టి మళ్లీ ప్రైవేటుకి కట్టడం దేనికి?

మీరుండేది ఇంగ్లండు కాబట్టి మీకు రైట్ టు చూజ్, అంటే ఎక్కడ చూపించుకోవాలో ఎంచుకునే హక్కు ఉంది. స్కాట్లాండులో, వేల్స్‌లో ఉన్న మనవాళ్లకి ఇది లేదు, వాళ్లని అడిగితే అలాంటిదేం లేదంటారు, కంగారు పడకండి. జీపీ రిఫరల్ ఇవ్వడానికి ఒప్పుకుంటే ఎవరి దగ్గరికి పంపాలో మీరే చెప్పొచ్చు. ఆ సంస్థకి ఇంగ్లండులో ఏదో ఒక ఐసీబీతో (ఆయా ప్రాంతాల ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చు చూసే బోర్డు) కాంట్రాక్టు ఉంటే చాలు, మీ ఊళ్లో ఉండక్కర్లేదు, బిల్లు ఎన్‌హెచ్‌ఎస్‌దే. మిగతా రూల్సు ఎన్‌హెచ్‌ఎస్ సైట్లో చూసుకోండి. ఏడీహెచ్‌డీ యూకే అనే చారిటీ ఎవరెవరు చేస్తారో జాబితా పెడుతుంది, జీపీకి ఇవ్వాల్సిన ఉత్తరం నమూనా కూడా అక్కడే దొరుకుతుంది.

మా అబ్బాయప్పుడు మాకు ఇవేవీ తెలీవు. పైగా ఎన్‌హెచ్‌ఎస్‌లో ఇలాంటివి చూపించుకుంటే పబ్లిక్ ఫండ్స్ (మన వీసాలమీద తీసుకోకూడని ప్రభుత్వ సాయం) వాడినట్టని, రేపు ఐఎల్‌ఆర్‌కి (శాశ్వత నివాసానికి) అడ్డొస్తుందని ఒక పుణ్యాత్ముడు చెప్తే నమ్మేశాం. కాదమ్మా. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. డీఎల్‌ఏ (వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే భత్యం) అయితే దాని కిందికే వస్తుంది, మీ వీసాకి దాని జోలికి మాత్రం వెళ్లకండి. ఆ భయంతో ప్రైవేటుకి వెళ్లాం. అసెస్‌మెంటు బాగానే చేశారు, లావుపాటి రిపోర్టు చేతికిచ్చారు, హమ్మయ్య అనుకున్నాం.

అసలు ఖర్చు అప్పుడు మొదలైంది. మందు మోతాదు కుదిర్చే టైట్రేషన్‌కి వేరే ఫీజు, ప్రతి ప్రిస్క్రిప్షన్‌కీ ఫీజు, షాపులో మందు పూర్తి ధర. అది కంట్రోల్డ్ డ్రగ్ (చట్టం గట్టి కట్టడి పెట్టిన మందు) కాబట్టి మామూలుగా నెలకి మించి రాయరు, అంటే నెలనెలా ఇదే తంతు. ఆ గులాబీ రంగు కాగితం పట్టుకుని వెళ్తే స్టాక్ లేదనేవాళ్లు, మరో షాపు, ఇంకో షాపు. నేనేమో ప్రతి బిల్లునీ రూపాయల్లోకి మార్చి చూసుకుని రాత్రిళ్లు నిద్ర మానుకోవడం. షేర్డ్ కేర్ తీసుకోండి, ఇకనుంచి మీరే మందు రాయండి అని మా సర్జరీని (జీపీ క్లినిక్‌ని) అడిగితే, ప్రైవేటు డయాగ్నసిస్‌కి మేం చేయం అని రెండు లైన్ల ఉత్తరం పంపారు. అలా కాదనే హక్కు జీపీకి ఉంది. చివరికి రైట్ టు చూజ్‌లో మళ్లీ మొదటినుంచి లైన్లో నిలబడ్డాం. ఎలాగోలా గట్టెక్కాం లెండి, ఇప్పుడు మందుకి పైసా కట్టడం లేదు, పదహారేళ్లలోపు పిల్లలకి ఎన్‌హెచ్‌ఎస్ ప్రిస్క్రిప్షన్ ఉచితం.

అందుకే సంస్థని ఎంచుకునేటప్పుడు అసెస్‌మెంటుకి ఎన్నాళ్లు అని మాత్రమే అడిగి ఊరుకోకండి, అందరూ చేసే పని అదే. పిల్లల్ని చూస్తారా (కొందరు పెద్దల్నే చూస్తారు), ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ చేస్తారా, టైట్రేషన్ కూడా ఎన్‌హెచ్‌ఎస్ కాంట్రాక్టులోనే ఉందా, దానికి విడిగా ఎన్నాళ్లు ఆగాలి, మీ ప్రాంతం నుంచి ఇప్పుడు రిఫరల్స్ తీసుకుంటున్నారా అని ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఈమధ్య ఐసీబీలు ఖర్చుకి పరిమితులు పెడుతున్నాయి కాబట్టి ఆ చివరి ప్రశ్న మరీ ముఖ్యం. వాళ్లతో షేర్డ్ కేర్‌కి ఒప్పుకుంటారా అని మీ సర్జరీని కూడా ముందే అడగండి. ఆటిజానికి మందు గోల లేదు, అక్కడ తొందరగా చూసేవాళ్లయితే సరిపోతుంది.

స్కూల్లో సాయానికి డయాగ్నసిస్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, సెన్కోని (ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంగతి చూసే టీచర్ని) ఇప్పుడే కలవండి. అసెస్‌మెంటుకి క్లాసు టీచరు నింపాల్సిన ఫారం మాత్రం జూలైలో సెలవులిచ్చేలోపే ఆవిడ చేతిలో పెట్టండి. సెప్టెంబరులో కొత్త టీచరు వస్తుంది, మీవాడి సంగతి ఆవిడకి అర్థమయ్యేసరికి క్రిస్మస్ వచ్చేస్తుంది.