నీ వ్యాసంలో బ్రాకెట్లో పెట్టిన ఆ ఒక్క లైను

లావణ్యా,

నీ వ్యాసం మొన్న రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. భాష బావుంది. కానీ చదువుతుంటే కోపం వచ్చింది, అది చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

"డిస్నీ వాళ్ళ పది చెత్త సీక్వెల్స్" అని పేరు పెట్టి, పదో నంబర్ నుంచి ఒకటి దాకా లెక్కపెట్టుకుంటూ వచ్చావు. ఒక్కోదానికీ ఏ సంవత్సరం, కథేంటి, ఎంత ఘోరంగా ఉంది, చివర్లో "డబ్బు కోసం తీశారు" అని ఓ ముక్క. ఏడో నంబర్ దగ్గర బాంబి 2 గురించి రాస్తూ మాత్రం బ్రాకెట్లో ఒక లైను పెట్టావు. చిన్నప్పుడు మీ వీధి చివర సీడీ షాపులో అద్దెకి తెచ్చిన మొదటి బాంబి చూస్తుంటే, తల్లి జింక చచ్చిపోయాక మీ తమ్ముడు "మరి ఆ రాత్రి బాంబి ఎవరి దగ్గర పడుకున్నాడు?" అని అడిగాడని, నువ్వేమో "నోర్మూసుకుని చూడు" అన్నావని. అంతే, బ్రాకెట్ మూసేసి ఆరో నంబర్‌కి వెళ్ళిపోయావు.

అమ్మాయ్, ఈ మొత్తం పది పేజీల్లో నాకు మిగిలింది అదొక్కటే.

ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని ఆ చోటు చూడు. 1942 నాటిది. మంచులో తుపాకీ మోత, పిల్లాడు ఒక్కడే పరిగెత్తి పొద దాకా వచ్చి అమ్మని వెతుక్కుంటాడు, పెద్ద జింక వచ్చి మీ అమ్మ ఇంక నీ దగ్గర ఉండలేదు అని చెప్తాడు, ఇద్దరూ ఆ మంచులోనే కనబడకుండా పోతారు. ఆ వెంటనే వసంతం, పిట్టలు పాడేస్తుంటాయి, కాసేపటికి బాంబి వస్తే అప్పటికే కొమ్ములొచ్చి ఉంటాయి. మధ్యలో ఆ పిల్లాడు ఏం తిన్నాడో ఎవరు పెంచారో ఒక్క మాట లేదు. మీ తమ్ముడు అడిగింది ఆ మధ్య సంగతే కదా. అరవై ఏళ్ళు దాటాక 2006లో అమెరికాలో నేరుగా డీవీడీగా వదిలిన రెండో సినిమా సరిగ్గా అక్కడికే వెళ్ళింది. తల్లి పోయిన చలికాలం అది. పిల్లాణ్ణి పెంచడం చేతకాని తండ్రి, ఎవరైనా ఆడజింక దొరికితే అప్పగించేద్దామని చూస్తుంటాడు. అందులో ఒక సీనుంది, బాంబికి అడవిలో అమ్మ గొంతు వినపడుతుంది, అమ్మేననుకుని పోతాడు, తీరా చూస్తే అది వేటగాళ్ళు జింకల్ని రప్పించడానికి ఊదే పీక. కుక్కలు మీదికొస్తున్నా వాడికి కాళ్ళు కదలవు. నేను ఆ సీను దగ్గర ఆపేసి వంటింట్లోకెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను. మా అమ్మ పోయిన ఏడాది నాకూ అంతే, కుక్కర్ విజిల్‌లో నా పేరు వినపడేది.

దీన్ని నువ్వు చెత్తలో ఏడోది అన్నావు. అసలు పూర్తిగా చూశావా? చూసుంటే ఆ పీక గురించి రాయకుండా ఎలా ఉన్నావు?

డబ్బు కోసమే తీశారు, ఎవరు కాదన్నారు. 1994లో అల్లాద్దీన్ రెండో భాగం రిటర్న్ ఆఫ్ జాఫర్ నేరుగా వీడియో క్యాసెట్‌గా వదిలితే కోటికి పైగా అమ్ముడుపోయాయి, జీనీకి గొంతిచ్చిన రాబిన్ విలియమ్స్ కంపెనీతో గొడవపడి చెయ్యనంటే వేరేవాళ్ళ గొంతు పెట్టి మరీ అమ్మారు. ఇక పుష్కరం పాటు వరసే. 2006లో టాయ్ స్టోరీ తీసిన జాన్ లాసెటర్ చేతికి డిస్నీ బొమ్మల సినిమాల పగ్గాలొచ్చాక, మరుసటేడు వాటిని ఆపించాడు. 2002 సిండరెల్లా 2 అయితే మూడు విడి కథలు కలిపి కుట్టిన బొంత, దాని మీద నీతో నాకు పేచీ లేదు, పెళ్ళయిపోయి కోటలో విందు ఏర్పాట్లు చేస్తుంటే చూసేవాడికి ఏం కావాలి అందులో? కానీ మూడోది, 2007ది చూడు. సవతి అక్క అనస్తాసియా మంత్రదండం కొట్టేసి, సిండరెల్లా రూపంలో పెళ్ళి దాకా వచ్చి, చివరి నిమిషంలో తనే వద్దంటుంది. 1950 సినిమాలో ఆ పిల్లకి చెప్పు పట్టలేదన్నదే చూశాం, ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరం అడగలేదు. డబ్బు అదే, స్టూడియో అదే, ఒకదాంట్లో కథ ఉంది, ఒకదాంట్లో లేదు, ఎందుకో నువ్వు చెప్పాలి కదా.

వీడియో కోసం మొదలెట్టినవేవీ బాగుపడలేదని రాశావు, అది తప్పు. టాయ్ స్టోరీ 2 మొదట వీడియోకనే మొదలెట్టారు, 1999లో థియేటర్లకొచ్చింది. దిద్దుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పిల్లలడిగింది వదిలేసి వేరేది రాసే తప్పు నేనూ చేశాను. 1991లో ఒక వారపత్రికలో పిల్లల సీరియల్ రాశా, కృష్ణలో పడవ నడిపే తాత, ఆయన దగ్గర చేరిన పిల్లాడు. చివర్లో తాత ఒక రాత్రి పడవ కట్టేసి వెళ్ళిపోతాడు. పిల్లలు కార్డులు రాశారు, తాత ఎక్కడికెళ్ళాడని. ఎడిటర్ పిలిచి రెండో భాగం రాయండి, అయితే ఏడుపు వద్దు, దొంగలూ నిధీ పెట్టండి అన్నాడు. ఇంటద్దె రెండు నెలలు బాకీ ఉంది, రాశాను. పద్నాలుగు వారాలు గుహలూ దొంగలూ. ఒక్క కార్డు రాలేదు. తాత ఎక్కడికెళ్ళాడో నాకు తెలుసు, చూపు మందగిస్తోందని, ఇంక పిల్లాణ్ణి పడవెక్కించకూడదని ఎవరికీ చెప్పకుండా కూతురి ఊరు వెళ్ళిపోయాడు. అది రాయనివ్వలేదు. ఇస్తానన్న డబ్బులో సగం కూడా ఎగ్గొట్టాడు. ఆయన్ని నేనింకా క్షమించలేదు. ఇప్పటివాళ్ళేమో టాప్ టెన్ రాసివ్వు, చదివేవాళ్ళకి అదే కావాలి అంటున్నారు, నీకూ ఎవరో అలాగే చెప్పుంటారు. వినకు.

పుస్తకంగా వెయ్యొచ్చా, ముందుమాట రాస్తారా అని అడిగావు, వాటి సంగతి తర్వాత.

ముందు తమ్ముడికి ఫోన్ చెయ్యి. ఆ రాత్రి ఏం గుర్తుందో అడుగు. ఆ వీసీడీ ఒక డిస్కా రెండా, రెండైతే తల్లి చచ్చిపోయేది మొదటి దాన్లోనా రెండో దాన్లోనా, డిస్కు మార్చడానికి ఎవరు లేచారు, గీతలు పడి బొమ్మ గళ్ళు గళ్ళుగా ఆగిపోయిందా, మీ అమ్మ అప్పుడు ఇంట్లో ఉందా, వాడు ఆ రాత్రి ఎవరి పక్కన పడుకున్నాడు. ఇవన్నీ తెలుసుకున్నాక ఇద్దరూ కలిసి రెండో బాంబి చూడండి, వాడేమంటాడో రాసి పంపు. నాలుగు పేజీలు చాలు, నంబర్లు వెయ్యొద్దు.

ఉంటాను.