బ్యాక్‌ఫ్లో టెస్టు డబ్బులు దండగ అనుకోకు

తమ్ముడూ, నువ్వు గుంటూరు బ్రాడీపేట వాడివన్నావు, నాది విజయవాడ పటమట, ఇద్దరం ఇప్పుడు అమెరికాలో ఉన్నాం, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. సిటీ నుంచి వచ్చిన బ్యాక్‌ఫ్లో టెస్టు లెటర్‌ని పక్కన పడేయకు. బ్యాక్‌ఫ్లో అంటే వాడిన నీళ్లు తాగే లైనులోకి వెనక్కి రావడం, దాన్ని ఆపే పరికరం పనిచేస్తోందా అని చూసేదే ఈ టెస్టు. ఎవరిచేత చేయించాలి, ఏ తేదీలోపు అన్నవి మీ సిటీ సైటులో ఉంటాయి, చూసుకో.

మన ఇళ్లలో మున్సిపల్ నీళ్లు సంపులో పడతాయి, మోటారు వేస్తే డాబా మీద ట్యాంకుకి ఎక్కుతాయి. పైపు మూతి నీటికి పైన ఉంటే సంపు నీళ్లు వీధి పైపులోకి వెనక్కి పోయే దారే లేదు. ఇక్కడ అమెరికాలో సంపూ లేదు, ట్యాంకూ లేదు. వీధి ప్రెషర్ నేరుగా వంటింటి ట్యాపు దాకా వస్తుంది, లాన్ స్ప్రింక్లర్ కూడా అదే లైను మీద ఉంటుంది. ఎక్కడో మెయిన్ పగిలినా, ఫైరింజన్ వాళ్లు హైడ్రెంట్ తెరిచినా ప్రెషర్ పడిపోయి, గడ్డికి చల్లిన మందులు కలిసిన నీళ్లు తాగే లైనులోకి వచ్చేయొచ్చు. మన వీధుల్లో కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే పగిలిన చోట మురుగు పైపులోకి చేరినట్టే ఇదీ. టెస్టు చేసేది ఇంటి గోడ పక్కనున్న ఇత్తడి వాక్యూమ్ బ్రేకర్‌నే, అది ప్రెషర్ పడగానే గాలి లోపలికి వదిలి ఆ లాగుడు తెంచేస్తుంది.

నా మొదటి చలికాలం స్ప్రింక్లర్ లైను కట్టేశాను కానీ దాన్లో నీళ్లు తీయలేదు, తీయాలని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఎండలొచ్చాక లైను తెరిస్తే గడ్డకట్టిన నీళ్లకి వాక్యూమ్ బ్రేకర్ బాడీ చీలి ఉంది, నీళ్లు చిమ్మాయి. వచ్చిన ప్లంబరు లైను మొత్తం మార్చాలని చెప్పిన అంకె విని, ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు గుర్తొచ్చి రాత్రంతా నిద్ర లేదు. ఇంకో ఆయన్ని పిలిస్తే ఆ ఒక్క పరికరం మార్చి వెళ్లాడు. ఇప్పుడు గడ్డకట్టే చలి రాకముందే లోపలి వాల్వు కట్టి, డ్రెయిన్ తెరిచి, దాని మీదున్న టెస్ట్ కాక్‌లు (చిన్న కుళాయిలు) స్క్రూడ్రైవర్‌తో తిప్పి, బాల్ వాల్వు హ్యాండిళ్లు 45 డిగ్రీల వాటంలో వదిలేస్తాను, లేకపోతే బంతి లోపల నీళ్లు నిలిచిపోతాయి. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. మార్పించాల్సి వస్తే మాత్రం ఆ వాక్యూమ్ బ్రేకర్ అన్నిటికన్నా ఎత్తున్న స్ప్రింక్లర్ కంటే కనీసం 12 అంగుళాలు పైన ఉందో లేదో నువ్వే కొలుచుకో.

మేడమీద బాత్రూంకి వేడినీళ్లు ఆలస్యమని సర్క్యులేటర్ పంపు (వేడినీళ్లని పైపుల్లో తిప్పుతూ ఉండేది) పెట్టిస్తానన్నావు, పెట్టించు. విడిగా రిటర్న్ పైపు లేకపోతే చివరి సింకు కింద థర్మోస్టాట్ వాల్వు బిగించి చన్నీళ్ల లైను ద్వారానే వెనక్కి తిప్పుతారు, కాబట్టి ఆ సింకు చన్నీళ్ల ట్యాపు మొదట కాసేపు గోరువెచ్చగా వస్తుంది, కంగారు పడకు. తాగే నీటికి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలుదో కంచుదో అడుగు, క్యాస్ట్ ఐరన్ తుప్పు పడుతుంది. కరెంటు చిన్న పంపు కొద్దిగానే తాగుతుంది, అసలు ఖర్చు రోజంతా పైపుల్లో చల్లారే వేడిదే. అందుకే టైమర్ లేనిది కొనొద్దు.

హీటర్ పక్క రిలీఫ్ వాల్వు (ప్రెషర్ ఎక్కువైతే నీళ్లు వదిలేది) కారుతోందని ప్లంబరు హీటర్ మార్చమన్నాడట, ముందే ఒప్పుకోకు. మెయిన్ మీద చెక్ వాల్వు (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) ఉంటే వేడికి ఉబ్బిన నీళ్లకు వెనక్కి పోయే దారి ఉండదు, అప్పుడు ఆ ఉబ్బు పట్టుకునే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు చాలొచ్చు. హార్డ్‌వేర్ షాపులో ప్రెషర్ గేజ్ కొని బయటి కుళాయికి బిగించి చూడు, 80 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాటితే ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ సంగతి ఆ ప్లంబర్నే అడుగు. ఎంత అవుతుందని చెప్పాడో నాకు రాయి.